ఆటా, పాటా? తాత మాటలో ఒక్క అక్షరం

(ఎవరి ఊరి పేరుతో వాళ్లు మాట్లాడుతున్నారు.)

బరంపురం: మా తాత గోపాలపురం నోళియా, అంటే సముద్రంలో చేపలు పట్టేవాడు. తెప్ప దించేముందు ఒక మాట అనేవాడు, “పోటు పిలుస్తుంది, ఆటు లాక్కుపోతుంది” అనో, “పాటు లాక్కుపోతుంది” అనో. నిన్న పిల్లలకి ఆర్గో ఫ్లోట్ల గురించి, అంటే సముద్రాన్ని కొలిచే పరికరాల గురించి చెప్తూ, ఆ మాట గుర్తొచ్చి ఏదో తేలక ఆగిపోయాను. అవి వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, నీటి వేడీ ఉప్పూ కొలుచుకుంటూ పైకొచ్చి ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతాయి. ఏ దేశం వదిలినా లెక్క అందరిదీ. తాత అన్నది ఏదై ఉంటుంది?

ఇచ్ఛాపురం: ఆటే. ఆటుపోట్లు అనే కదా అందరం రాసేది.

పర్లాకిమిడి: రాసేది వేరు, ఒడ్డున అనేది వేరు తమ్ముడూ. పడు నుంచి పాటు, పొడుచు నుంచి పోటు. ఆ జతలో ఆటుకి చోటెక్కడ? గిడుగు వారు ఈ ఊళ్లో ఉండి సవర భాష నేర్చింది సవరల నోట విని. తాత మాటకీ చెవే ప్రమాణం.

ఇచ్ఛాపురం: ఊరు నుంచి ఊట, తేరు నుంచి తేట వచ్చినప్పుడు ఆరు నుంచి ఆటు ఎందుకు రాదు మాస్టారూ? నీరు ఆరితే ఒడ్డు బయటపడుతుంది, అదే ఆటు.

ఛత్రపురం: అక్షరం సరే, ‘లాక్కుపోతుంది’ దగ్గర నాకు గుండె ఆగింది. మా తీరంలోని పొడంపేటలో ఇళ్లు నిజంగానే సముద్రం పాలయ్యాయి. పక్కనే రుషికుల్య నది మొగలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో అవుతుంది, వేడెక్కేకొద్దీ ఆడవే ఎక్కువ. ఒడిశా తీరంలో ట్రాన్స్‌మీటర్ కట్టి వదిలిన తాబేళ్లు శ్రీలంక నీళ్లదాకా వెళ్లాయి. ఒక్క దేశమే చూస్తే వాటి బతుకు సగమే తెలుస్తుంది.

గునుపురం: అమ్మా, మీరు చెప్తుంటే నన్నయ గుర్తొచ్చాడు. ఆదిపర్వంలో వ్యాసుడు సత్యవతితో “గతకాలము మేలు వచ్చుకాలముకంటెన్” అంటాడు. ‘రాబోవు’ అనలేదు చూడండి, ‘వచ్చు’ అన్నాడు. అల మీదికొస్తున్నట్టే ఉంటుంది నాకు.

పర్లాకిమిడి: అది కంద పద్యం బాబూ, ఆ గణాల్లో ‘రాబోవు’ పట్టదు. అయినా మీ చెవి మంచిది.

గునుపురం: పట్టకపోవడం వేరు, ఉన్న మాట పలకడం వేరు కదండీ.

ఇచ్ఛాపురం: అసలు సంగతి పోతోంది. 1960ల మొదట్లో ఎన్నో దేశాల ఓడలు కలిసి హిందూ మహాసముద్రం గాలించాయి, ఆ యాత్ర ఫలితంగానే 1966లో, ఇప్పుడు గోవాలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టింది. అప్పుడు మన తీరంలో నీళ్ల పేర్లు కూడా ఎవరైనా రాసుకుని ఉంటే ఇప్పుడీ తగువు ఉండేది కాదు.

బరంపురం: ఇప్పుడే పిన్నికి ఫోన్ చేశాను. ఆటూ కాదు పాటూ కాదుట, తాత ‘వాటు’ అనేవాడంటోంది.

పర్లాకిమిడి: ‘వాటు’ అనా? ఏటవాలుగా లాగే నీరా? రేపు వెళ్లి ఆవిడ చేత మళ్లీ అనిపించి రికార్డు చెయ్యి నాయనా. మొత్తం వాక్యం, మధ్యలో అందించకుండా.