పెళ్లయిన కూతురి వాటాకు పాత పహాణీ నమోదు అడ్డమవుతుందా?

నర్సంపేట వైపు మా తాతయ్యకు పూర్వీకుల నుంచి వచ్చిన ఆరెకరాల భూమి ఉంది. ఆయన వీలునామా రాయకుండా 2016లో చనిపోయారు. మా అమ్మ పెళ్లి 1984లో జరిగింది. పూర్వీకుల ఆస్తిలో ఆడపిల్లలకూ కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన 1986 నాటి రాష్ట్ర సవరణ అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలను వదిలేసినా, 2005 కేంద్ర సవరణ ఆ తేడా చూపలేదు. ఆ 2005 సవరణ అమల్లోకి వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. అయినా కట్నంతోనే అమ్మ హక్కు తీరిపోయిందని మేనమామలు వాదిస్తున్నారు, ఈ మాటే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

పెద్దమనుషుల్లో మాట్లాడించాం, కుదరలేదు. మండల కార్యాలయంలో అడిగితే సివిల్ కోర్టుకు వెళ్లమన్నారు. వకీలు నోటీసుకు జవాబుగా మామయ్యలు 2001లో తెల్లకాగితంపై రాసుకున్న పంపకం చూపించారు. దానిమీద తాతయ్య వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి, రిజిస్ట్రేషన్ మాత్రం లేదు. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను చట్టం కదిలించదని వారి వకీలు అంటున్నారు. నకళ్లు తీయించి చూస్తే, 2002 నుంచి పహాణీల్లో, అంటే ఊరి భూమి లెక్కల్లో, అనుభవదారు (భూమిని అనుభవిస్తున్నవారు) గడిలో మామయ్యల పేర్లు వేర్వేరుగా ఉన్నాయి. పట్టాదారు (హక్కుదారు) గడిలో మాత్రం చివరిదాకా తాతయ్య పేరే ఉంది.

రిజిస్టరు కాని పంపకాన్ని ప్రభుత్వ పత్రాల బలం ఉంటేనే, అదీ అరుదుగా, ఒప్పుకోవాలని వినీతా శర్మ తీర్పే చెబుతోంది. ఇలాంటి దావాలు నడిపినవారు చెప్పగలరు: అనుభవదారు గడిలోని నమోదు ఒక్కటే ఆ పంపకానికి సరిపడే రుజువుగా కోర్టులో నిలుస్తుందా?