మెడికల్ షాపు ఎప్పుడు అమ్మాలి?

ప్రశ్న: ఒక్కరి పేరు మీద నడిచే షాపు. మందులు చిల్లరగా అమ్మడానికి కావాల్సిన ఫారం 20, 21 లైసెన్సులు ఉన్నాయి. అద్దె అగ్రిమెంటు ఇంకో పద్నాలుగు నెలలే. ఇప్పుడే అమ్మేయాలా, రెన్యువల్ చేయించాకా?

జవాబు: ముందు అద్దె అగ్రిమెంటు రెన్యువల్ చేయించండి. కొనేవాళ్లు గుడ్‌విల్ (షాపుకున్న పేరుకు, గిరాకీకి కట్టే డబ్బు) ఇచ్చేది ఆ మూలకు వచ్చే డాక్టరు చీటీలకే. ఏడాదిలో బిల్డింగు ఓనరు ఖాళీ చేయమంటే ఆ డబ్బు గంగలో పోసినట్టే, అందుకే గీసి గీసి బేరమాడతారు. అగ్రిమెంటు కొత్త వాళ్ల పేరు మీద రాయడానికి ఒప్పుకుంటున్నట్టు ఓనరు చేత ముందే సంతకం పెట్టించుకోండి. పక్కనున్న డాక్టరు క్లినిక్ మారుస్తారని తెలిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

జవాబు: లైసెన్సు చేతులు మారదండి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కొనేవాళ్లు తమ పేరున, తమ ఫార్మసిస్టుతో కొత్తది తీసుకోవాలి. అది రాకముందే తాళాలు ఇచ్చేశారంటే, వాళ్లు చేసే ప్రతి బిల్లుకూ మీ పేరే బయటికొస్తుంది. అడ్వాన్సు తీసుకోండి, లైసెన్సు వచ్చిన రోజే షాపు అప్పగించండి. హెచ్1 రిజిస్టరు (షెడ్యూల్ హెచ్1 మందులు ఎవరికి అమ్మారో రాసే పుస్తకం) మూడేళ్లు దాచాలి.

జవాబు: స్టాకు లెక్క ఎమ్మార్పీ మీద కాదు, కొన్న ధర మీద కట్టండి. బ్యాచీ బ్యాచీ చూసి, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి ముందే డిస్ట్రిబ్యూటర్లకు వాపసు పంపేయండి. నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా అమ్మితే జీఎస్టీ పడదు, స్టాకు ఒక్కటే బిల్లు వేసి అమ్మితే పడుతుంది. మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీలో ఇంకా వాడుకోనిది) ఐటీసీ-02 ఫారంతో వాళ్లకు బదిలీ అవుతుంది, కానీ మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోకముందే అది వేయాలి.