15 ఏళ్లుగా పీఎఫ్ కట్ అవుతోంది, పాస్‌బుక్‌లో 9 ఏళ్లే ఉంది. అడగాలా, ఊరుకోవాలా?

ప్యాకింగ్_ప్లాంట్ (ఎర్రగుంట్ల), 2024 ఆగస్టు

మాది కడప జిల్లా, ఎర్రగుంట్ల దగ్గర పల్లె. సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో కాంట్రాక్ట్ పని. 2009 జూన్‌లో చేరాను. గేటు అదే, మిషన్ అదే, మీద పడే దుమ్మూ అదే. కాంట్రాక్టర్లు మాత్రం ముగ్గురు మారారు. మొన్న ఏప్రిల్‌కు నాకు 56 నిండాయి.

పోయిన వారం దాకా నా పీఎఫ్ పాస్‌బుక్ నేను చూడలేదు. నా యూఏఎన్‌కు (ఎన్ని చోట్ల చేసినా మారని పీఎఫ్ నంబరు) ఎక్కించిన ఫోన్ నంబరు నాది కాదు, రెండో కాంట్రాక్టర్ దగ్గరి సూపర్‌వైజర్‌ది. ఓటీపీలన్నీ ఆయనకే పోయేవి. ఆయన పని మానేసి అయిదేళ్లయింది. మా అమ్మాయి ప్రొద్దుటూరు నెట్ సెంటర్‌లో కూర్చుని ఆధార్‌తో నంబరు మార్పించి, పాస్‌బుక్ ప్రింట్ తీసి నా చేతిలో పెట్టింది.

2009 నుంచి 2014 మార్చి దాకా ఒక్క లైను లేదు. 2017 మే నుంచి 2018 జూన్ దాకా 14 నెలలు ఖాళీ. ఆ 14 నెలల్లో 9 నెలల పే స్లిప్పులు నా దగ్గర ప్లాస్టిక్ కవర్‌లో ఉన్నాయి. ప్రతి స్లిప్పులోనూ పీఎఫ్ 660 అని కోత ఉంది. కోసిన డబ్బు ఎటు పోయినట్టు?

ఇంకొకటి. ఇప్పుడు నాకు మొత్తం 17,400 అని రాసి, బేసిక్ 7,500 చూపిస్తారు. 2020 నుంచి అంతే. మిగతాదంతా రకరకాల అలవెన్సులు. కోతల వైపు 'పీఎఫ్ 900' అని ఒక లైను, దాని కింద 'పీఎఫ్ యాజమాన్య వాటా 975' అని ఇంకో లైను. రెండూ నా జీతంలోంచే పోతున్నాయి.

ఇంకో రెండేళ్లలో 58. ఇప్పుడు నోరు తెరిస్తే గేట్ పాస్ రెన్యువల్ చేయరని భయం. తెరవకపోతే పెన్షన్ పోతుందని భయం. తెలిసినవాళ్లు చెప్పండి.

రిటర్న్స్_రాసేవాణ్ణి (కడప)

అన్నా, చిన్న సంస్థలకు నెలనెలా పీఎఫ్ రిటర్న్ వేయడమే నా పని. మొదట ఆ 975 సంగతి. 7,500లో 12 శాతం 900 మీ వాటా. యజమాని కూడా 12 శాతం కట్టాలి, దాని పైన పీఎఫ్ ఆఫీస్ ఖర్చులకు అర శాతం, ఇన్సూరెన్స్‌కు అర శాతం. మొత్తం 13 శాతం, అంటే 975. ఆ నిర్వహణ ఖర్చుతో సహా మీ జీతంలోంచే లాగుతున్నారు. యజమాని వాటాను కార్మికుడి జీతంలో కోయడానికి చట్టం ఒప్పుకోదు. ఆ స్లిప్పును భద్రంగా పెట్టుకోండి, వాళ్లే రాసిచ్చిన సాక్ష్యం అది.

యజమాని కట్టే 12లో 8.33 శాతం పెన్షన్ ఫండ్‌కు పోతుంది. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తే వచ్చేదే పెన్షన్. మీ పాస్‌బుక్ ఇలాగే ఉంటే 58కి దాదాపు 11 ఏళ్ల సర్వీసు తేలుతుంది. నెలకు 1,100 పైచిలుకు వస్తుంది. 2009 నుంచీ అంతా కలిస్తే 1,800 దాకా పోతుంది. బేసిక్‌ను నిజాయితీగా చూపి ఉంటే ఇంకా పెరిగేది. లెక్కలో జీతం పరిమితి 15,000, మిమ్మల్ని అందులో సగం దగ్గర కట్టేశారు. అందరికీ సమానంగా ఇచ్చే అలవెన్సును పేరు మార్చి పీఎఫ్ నుంచి తప్పించకూడదని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్సు) మాత్రం ఆ లెక్కలోకి రాదు.

14 నెలల గురించి భయపడకండి. పెన్షన్ స్కీమ్‌లో సర్వీసు అంటే చందా వచ్చిన కాలం ఒక్కటే కాదు, రావలసిన కాలం కూడా. కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు ఫ్యాక్టరీ యాజమాన్యం బాధ్యత పడుతుంది. పీఎఫ్ ఆఫీస్ విచారణ పెట్టి, వడ్డీతో రాబట్టగలదు. ఫిర్యాదు మీ ఒక్కరి పేరుతో వద్దు. యూనియన్ లెటర్‌హెడ్ మీద, మీ బ్యాచ్‌లో పదిమంది స్లిప్పులు జతచేసి వేయించండి.

మిల్లు_రిటైర్డ్ (ఆదోని)

తమ్ముడూ, చట్టం ఆయన చెప్పినట్టే ఉంది. నేను చూసింది చెప్తాను. మా జిన్నింగ్ మిల్లులో యజమాని మారినప్పుడల్లా మున్షీ ఫారాలు తెచ్చి సంతకం పెట్టించుకునేవాడు. చేతికి కొంత డబ్బు వచ్చేది, పండగ గడిచేది. ఆ ఫారాల్లో 10సీ, అంటే పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకునే ఫారం, కూడా ఉండేదని, దానితో పెన్షన్ సర్వీసు సున్నా అయిపోతుందని నాకెవరూ చెప్పలేదు. అలా రెండుసార్లు పోగొట్టుకున్నాను. ఇప్పుడు నెలకు 1,000. 2014లో పెట్టిన కనీస పెన్షన్ ఇంకా అక్కడే ఉంది. బీపీ, షుగర్ మాత్రలకే అయిపోతుంది.

అందుకే అడుగుతున్నా: 2014లో మొదటి కాంట్రాక్టర్ పోయేటప్పుడు నువ్వు ఏమైనా సంతకం పెట్టావా?

ప్యాకింగ్_ప్లాంట్ (ఎర్రగుంట్ల)

అన్నా, మీరు అడిగాక రాత్రి నిద్ర పట్టలేదు. పెట్టాను. క్యాంటీన్ పక్కన బల్ల వేసుకుని అందరి చేతా మూడు నాలుగు చోట్ల పెట్టించారు. తర్వాత బ్యాంకులో 31 వేలు పడ్డాయి. పెద్దమ్మాయి పెళ్లికి అయిపోయాయి.

రిటర్న్స్_రాసేవాణ్ణి (కడప)

ఒకసారే పడ్డాయా, రెండుసార్లా? పీఎఫ్ ఒక ఫారం మీద, పెన్షన్ డబ్బు 10సీ మీద, రెండూ వేరుగా పడతాయి. ఒక్కటే పడి ఉంటే ఆ నాలుగేళ్ల పది నెలల పెన్షన్ సర్వీసు ఇంకా బతికే ఉండొచ్చు. బ్యాంకులో 2014 స్టేట్‌మెంట్ అడగండి. పాత పీఎఫ్ నంబరు ఉన్న కాగితం ఏదైనా ఉందా?

ప్యాకింగ్_ప్లాంట్ (ఎర్రగుంట్ల)

ట్రంకు పెట్టె అడుగున ఒక వార్షిక స్లిప్పు దొరికింది. చెమ్మకు అంచులు పోయాయి గానీ నంబరు కనిపిస్తోంది. రేపు బ్యాంకుకు పోతాను. 27న పీఎఫ్ వాళ్ల క్యాంపు ఉంటుందన్నారు, దానికీ పోతాను. నాతోపాటు 2009లో చేరినవాళ్లు ఏడుగురున్నారు. వాళ్లలో ఒక్కరి ఫోన్ నంబరు కూడా వాళ్ల సొంతది కాదని ఈ పొద్దు షిఫ్టులో తెలిసింది. ఆదివారం అందరినీ మా ఇంటికి రమ్మన్నాను, మా అమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది.