కొత్త ఎస్‌యూవీ, రెండు నెలలు నిండలేదు: పొద్దున్నే టకటక తప్ప స్టార్ట్ అవ్వట్లేదు

ఆమదాలవలస_రోడ్డు:
అన్నయ్యలందరికీ నమస్కారం. బండి డీజిల్ ఎస్‌యూవీ, మాన్యువల్ గేరు, పుష్ బటన్, స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి మళ్ళీ అందుకునేది) ఉంది. డెలివరీ అయి ఏడు వారాలు, తిరిగింది 1,640 కిలోమీటర్లు. శ్రీకాకుళం టౌన్లో, మహా అయితే ఆమదాలవలస స్టేషన్ దాకా, అంతే తిరుగుడు. రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే పొద్దున బటన్ నొక్కగానే మీటర్ లైట్లు మసకబారి, బానెట్ కింద టకటకటక మంటాది. ఒక్కోసారి బరువుగా తిరిగి అందుకుంటాది. అందుకున్న రోజు ఏబీఎస్, స్టీరింగ్, హిల్ అసిస్ట్ లైట్లన్నీ ఒకేసారి వెలిగి, కిలోమీటరు పోయాక ఆరిపోతాయి. సర్వీసుకి రెండుసార్లు తీసుకెళ్ళాను. మొదటిసారి "బండి తక్కువ తిప్పుతున్నారు సార్" అన్నారు. రెండోసారి బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టి పంపేశారు, వారం బాగానే ఉంది, మళ్ళీ మామూలే. బయట షాపులో డాష్‌క్యామ్ ఒక్కటే పెట్టించాను. కొత్త బ్యాటరీ ఇమ్మని పట్టుబట్టాలా, స్టార్టర్ మోటారు పోయిందంటారా, ఏటి చెయ్యాలి?

మూడులాంతర్లు_వైరింగ్:
బ్యాటరీ అప్పుడే అడక్కండి సార్. ఇస్తారు, రెండు నెలలు బాగుంటుంది, తర్వాత అదీ ఇలాగే అవుతుంది.

ముందు శబ్దం చూద్దాం. బటన్ నొక్కితే స్టార్టర్ మీదున్న సొలినాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) లాగుతుంది, మోటారు ఒక్కసారిగా 200 యాంప్స్ పైన అడుగుతుంది. బ్యాటరీ అంత ఇవ్వలేక వోల్టేజ్ కూలితే సొలినాయిడ్ వదిలేస్తుంది. వదలగానే వోల్టేజ్ కోలుకుని మళ్ళీ లాగుతుంది. మీకు వినపడే టకటక అదే. అంటే మోటారు దోషం కాదు, మోటారు దాకా కరెంటు చేరట్లేదు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా ఒక్క "టక్" మని ఆగిపోతే అప్పుడు సొలినాయిడ్ కాంటాక్టుల మీదో, మోటారు మీదో అనుమానపడాలి. అసలు శబ్దమే లేకపోతే తాళంలో సెల్లు, క్లచ్ స్విచ్, స్టార్టర్ రిలే చూడాలి. ఏబీఎస్, స్టీరింగ్ లైట్లు కూడా వేరే రోగం కాదు. వోల్టేజ్ పడినప్పుడు ఒక్కో కంట్రోల్ యూనిట్ రీసెట్ అయి తన ఫాల్ట్ తను రాసుకుంటుంది. స్కానర్ పెడితే పి0562 (వోల్టేజ్ తక్కువ), యు0100 (ఇంజన్ యూనిట్‌తో సంబంధం తెగింది) లాంటి కోడ్‌లు వస్తాయి. వాటిని చూసి ఏబీఎస్ సెన్సర్లు మార్చేవాళ్ళున్నారు, వద్దు.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ తెచ్చుకోండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి, డోర్ తెరవక ముందే కుదిరితే ఇంకా మంచిది, బ్యాటరీ పోస్టుల మీద కొలవండి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. తర్వాత ఒకరు బటన్ నొక్కుతుంటే మీరు మీటర్ చూడండి, 9.6 కన్నా దిగకూడదు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. స్మార్ట్ ఆల్టర్నేటర్ (అవసరాన్ని బట్టి ఛార్జింగ్ తగ్గించి పెంచేది) అయితే బ్యాటరీ నిండాక 13 దాకా దిగుతుంది, హెడ్‌లైట్లు వేసి చూస్తే పైకొస్తుంది.

అదే క్రాంకింగ్ టైములో, అంటే స్టార్టర్ ఇంజన్‌ని తిప్పుతున్నప్పుడు, ఇంకో రెండు కొలతలు కావాలి. మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్టు మీద పెట్టి, ఎర్ర ప్రోబ్ ఒకసారి ఇంజన్ బ్లాకు మీద, ఒకసారి బాడీ మీద రంగు లేని బోల్టుకి ఆనించండి. క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే. 0.2, 0.3 వోల్టులు వస్తే మంచిదే. అర వోల్టు దాటితే ఎర్తు దారిలో, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారిలో, అడ్డం ఉంది.

పలాస_డీజిల్:
పై అన్నయ్య చెప్పినవి కొలిచాక, ఆపిన బండి ఎంత తాగుతోందో కూడా చూడు తమ్ముడూ. బానెట్ తెరిచి, దాని లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చెయ్యి, లేకపోతే బండి నిద్రపోదు. తాళం ఇంట్లో దూరంగా పెట్టు. 10 నంబర్ స్పానర్‌తో మైనస్ టెర్మినల్ విప్పి, మీటర్ ఎర్ర వైరు 10ఏ రంధ్రంలోకి మార్చి, పోస్టుకీ క్లాంపుకీ మధ్య సీరీస్‌లో పెట్టు. మొదట 3, 4 యాంప్స్ చూపిస్తుంది, కంగారు పడకు. యూనిట్లన్నీ నిద్రపోవడానికి 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత 0.05 యాంప్ లోపు ఉండాలి. మీటర్ తగిలించి ఉండగా డోర్ తెరవకు, బటన్ నొక్కకు, మీటర్ ఫ్యూజు పోతుంది.

ఎక్కువ చూపిస్తే ఫ్యూజులు పీకుతూ పోవద్దు, పీకిన ప్రతిసారీ ఏదో ఒక యూనిట్ లేస్తుంది. మీటర్ మిల్లీవోల్టుల్లో పెట్టి ఫ్యూజు నెత్తి మీదున్న రెండు చుక్కల మీద కొలువు. సున్నా అయితే ఆ దారిలో కరెంటు లేదు. అంకె కదిలిందంటే దొంగ అక్కడే. నా అనుమానం డాష్‌క్యామ్ మీద.

ఇంకో మాట. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్ చెక్ చేస్తామని ఎవరన్నా వస్తే బండి మీద చెయ్యి వెయ్యనీకు. పాత జీపులకి సాగింది. ఇప్పుడు అలా పీకితే ఆల్టర్నేటర్ నుంచి ఒక్కసారిగా లేచే వోల్టేజ్‌కి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) కాలిపోవచ్చు.

ఆమదాలవలస_రోడ్డు:
మూడు రోజులు ఆపి కొలిచాను. పొద్దున 12.15. క్రాంకింగ్‌లో 8.7. ఇంజన్ నడుస్తుంటే 14.3. మైనస్ పోస్టు నుంచి బాడీకి 0.1, ఇంజన్ బ్లాకుకి 1.1. నిద్రపోయాక 0.36 యాంప్. డాష్‌క్యామ్ ఫ్యూజు తీస్తే కాసేపటికి 0.03కి దిగింది.

మూడులాంతర్లు_వైరింగ్:
ఇక దాపరికం లేదు. మీకు రెండు రోగాలు కలిసొచ్చాయి, అందుకే సర్వీసు వాళ్ళకి దొరకలేదు.

మొదటిది డాష్‌క్యామ్. 0.36 అంటే రోజుకి 8.6 ఏహెచ్ (యాంప్-అవర్లు), మూడు రోజులకి 26. మీ బ్యాటరీ 70 ఏహెచ్ అనుకున్నా, చిన్న చిన్న ప్రయాణాల్లో అది ఎలాగూ పూర్తిగా నిండదు. షాపువాళ్ళు ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకి కలిపేశారు. ఇగ్నిషన్ ఆన్‌లోనే వచ్చే ఫ్యూజుకి మార్పించండి. పార్కింగ్ రికార్డింగ్ కావాలంటే కటాఫ్ ఉన్న (వోల్టేజ్ తగ్గితే దానంతటదే ఆగిపోయే) కిట్ పెట్టి, దాన్ని 12.4 దగ్గర ఉంచండి. 11.8 దగ్గర ఆగితే అప్పటికే బ్యాటరీ ఖాళీ.

రెండోది కంపెనీ తప్పు. పోస్టు నుంచి బాడీకి 0.1 అంటే బ్యాటరీ వైరు మంచిదే. బాడీ నుంచి ఇంజన్‌కి వెళ్ళే ఎర్తు పట్టీలోనే వోల్టు పోతోంది. గేర్‌బాక్స్ పక్కన అల్లిన రాగి పట్టీ ఉంటుంది, చూడండి. కొత్త బండిలో సాధారణంగా బోల్టు వదులు, లేదా రింగు కింద రంగు అలాగే ఉండిపోవడం. విప్పితే రింగు ఆనిన చోట మెరిసే లోహం గుండ్రంగా కనపడాలి, రంగు కనపడితే అదే కారణం. గీకి, పళ్ళున్న వాషర్ వేసి బిగించి, బిగించాకే పైన వాజలిన్ రాయాలి. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి గీకి వదిలేసిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్న వారం ఈ ఒక్క వోల్టు నష్టం బయటపడదు, సగమైన రోజు స్టార్టర్‌కి మిగిలింది 7.6 మాత్రమే.

ఈ పని మీరు చెయ్యకండి, వాళ్ళ చేత మీ ఎదురుగా చేయించండి.

బొబ్బిలి_వినియోగదారు:
ఆ ఆఖరి మాట గట్టిగా పట్టుకోండి. వెళ్ళేముందు డాష్‌క్యామ్ విప్పించండి, లేకపోతే మొత్తం దాని మీదకి నెట్టేస్తారు. జాబ్ కార్డు మీద "స్టార్టింగ్ ప్రాబ్లమ్" అని రాయనివ్వకండి. "క్రాంకింగ్‌లో బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బ్లాకుకి 1.1 వోల్ట్ డ్రాప్" అని అంకెతో రాయించండి. పని అయ్యాక మళ్ళీ కొలిపించి ఆ అంకె కూడా రాయించి కాపీ తీసుకోండి. రెండు నెలల్లో ఇన్నిసార్లు అడుగంటిన బ్యాటరీ ప్లేట్లు సల్ఫేట్ పట్టి ఉంటాయి, కాబట్టి పూర్తిగా ఛార్జ్ చేశాక లోడ్ టెస్ట్ (బ్యాటరీ మీద భారం పెట్టి వోల్టేజ్ నిలుస్తుందో చూసేది) అడగండి. ఫెయిలైతే వారంటీలో మార్చాలి. స్టార్ట్-స్టాప్ బండికి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం (మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే బ్యాటరీ రకాలు), ఏది వచ్చిందో అదే రకం వెయ్యాలి, మామూలుది ఒప్పుకోకండి.

మూడోసారీ "నో ఫాల్ట్" అంటే తయారీదారుకి ఈమెయిల్, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్. అక్కడా తేలకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం షోరూమ్ విశాఖలో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, గడువు రెండేళ్ళు. బండికి కట్టింది 10 నుంచి 20 లక్షల మధ్య అయితే ఫీజు 400 రూపాయలు.

ఆమదాలవలస_రోడ్డు:
విప్పించాను అన్నయ్యా. పట్టీ రింగు కింద సగం మేర రంగే ఉంది, బోల్టు చేత్తో తిరిగింది. బిగించాక డ్రాప్ 0.15, క్రాంకింగ్‌లో 10.4, రెండూ జాబ్ కార్డు మీద రాయించాను. బ్యాటరీ లోడ్ టెస్ట్ రేపు.

పలాస_డీజిల్:
టెస్టుకి ముందు రాత్రంతా ఛార్జర్ మీద ఉంచమను. ఛార్జర్ నల్ల క్లిప్పు మైనస్ పోస్టుకి కాకుండా బాడీ ఎర్తు బోల్టుకి పెట్టించు. మైనస్ పోస్టు మీదున్న చిన్న సెన్సర్ లోపలికి వచ్చిన ఛార్జ్‌ని అలాగైతేనే లెక్కేస్తుంది.