బడి కమిటీ పని తల్లుల మీదే వేయడం సబబేనా?

బడిబాట (చర్చ మొదలు)
విద్యాహక్కు చట్టం 2009, 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. ఆంధ్రలో తరగతికి ముగ్గురిని ఎన్నుకుంటారు కాబట్టి అయిదో తరగతి దాకా ఉన్న బడికి పదిహేను మంది. చట్టంలో 'తల్లిదండ్రులు' అనే ఉంది. కానీ మధ్యాహ్న భోజనం రుచి చూడాలన్నా, మరుగుదొడ్లు ఎలా ఉన్నాయో చూడాలన్నా, మీటింగుకి మనిషి కావాలన్నా కబురు తల్లికే వెళ్తుంది. పొద్దున లేస్తే వంట, పాలు పితకడం, పిల్లల జడలు, ఆపైన కూలి. వీటి మధ్య ఈ పని తల్లులు చేయాల్సిందేనా, లేక జీతమిచ్చి మనిషిని పెట్టి చేయించాలా?

గడపముగ్గు
జీతమిచ్చి చేయించాల్సిన పనేనండీ. మీటింగు పగలు పదకొండింటికి పెడితే కూలికెళ్లే తల్లికి ఆ రోజు కూలి మొత్తం పోయినట్టే. మిరపకోతల్లో ముఠా పొద్దున్నే బయల్దేరుతుంది, మధ్యలో వచ్చి కలిసే మనిషికి పని ఉండదు. పైగా బడికెళ్లే పిల్లల తల్లులకు ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' 15,000 రూపాయల్లో ఖాతాలో పడేది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకీ శుభ్రతకీ అని ఆపుతున్నారు. అది చాలదన్నట్టు బడులకిచ్చే సమగ్ర శిక్ష పథకం గ్రాంటు వేరే ఉంది. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000, అందులో కనీసం పదో వంతు, అంటే 2,500, శుభ్రతకే ఖర్చుపెట్టాలి. డబ్బూ తల్లి పేరున కోసి, చాకిరీ కూడా తల్లితోనే చేయించుకోవడం అన్యాయం.

సన్నబియ్యం
డబ్బు లెక్క మీరు చెప్పిందే, కాదనను. కానీ వంటగది గడప తల్లులు వదిలేస్తే నష్టం పిల్లలకే అండీ. వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు, వాళ్లలో కనీసం ఒక టీచరు, రుచి చూడాలని భోజన పథకం మార్గదర్శకాల్లోనే ఉంది. టీచరుకు పాఠం ఉంటుంది, ఒక ముద్ద తిని సంతకం పెట్టి వెళ్తారు. రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషి కన్ను వేరు.

48 మంది పిల్లలున్న ప్రాథమిక బడినే తీసుకోండి. తలకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. మొత్తం బియ్యం 4 కిలోల 800, పప్పు 960 గ్రాములు, కూరగాయలు 2 కిలోల 400, నూనె 240 గ్రాములు. ఆ రోజు 41 మందే వస్తే బియ్యం 4 కిలోల 100 చాలు. రిజిస్టరులో 48 రాసి 4 కిలోల 100 వండారంటే 700 గ్రాముల తేడా ఎటు పోయిందో అడగాలి. కాటా రోజూ దొరకదు కాబట్టి మొదటి రోజే ఒక స్టీలు డబ్బాతో బియ్యం, ఇంకో గ్లాసుతో పప్పు తూచి, ఎంత పడుతుందో అట్టముక్క మీద రాసి వంటగది తలుపుకి కట్టేయండి. అప్పట్నుంచి డబ్బాలు లెక్కపెడితే సరి.

పప్పు తగ్గిందని తెలుసుకోవడానికి కాటా కూడా అక్కర్లేదు. అన్నం మీద పోసిన సాంబారు పళ్లెం అంచుకు జారి పసుపు నీళ్లుగా నిలబడి, ముక్క తప్ప బద్ద కనబడకపోతే అర్థమైపోతుంది. అన్నిసార్లూ అది దొంగతనం కాదు. నిన్నటి హాజరు చూసుకుని పప్పు ఎసట్లో పోస్తారు, ఇవాళ పది మంది ఎక్కువ వస్తే నీళ్లు కలుపుతారు. హాజరు తీసిన వెంటనే సంఖ్య చీటీ మీద రాసి వంటగదికి పంపితే ఈ గొడవ సగం తగ్గుతుంది.

గుడ్ల రోజు ఒక్క పని చేయండి. ఉడకబెట్టే ముందు బకెట్ నీళ్లలో వేయండి. అడుగున పడుకుంటే తాజావి, నిలువుగా నిలబడితే పాతవి కానీ తినొచ్చు, పైకి తేలితే పారేయాలి. గుడ్డు పెంకుతోనే పిల్లల చేతికివ్వండి. ముందే ఒలిచి గంటసేపు గిన్నెలో పెడితే అందరి చేతులూ తగులుతాయి.

రెండోగంట
ఇందులో ఒక ప్రమాదం ఉంది. వండేవాళ్లు కూడా ఆ ఊరి తల్లులే, చేతికి వచ్చేది ఆంధ్రలో నెలకు 3,000. పాతిక మందిలోపు పిల్లలకి ఒకరు, 26 నుంచి 100 దాకా ఇద్దరు అని లెక్క. ఇద్దరుండాల్సిన చోట ఒక్కరే వండుతుంటే వంట ఆలస్యమవుతుంది, అన్నం ముద్దవుతుంది, తిట్లు ఆమెకే. సరుకుల బిల్లులు నెలల తరబడి రాకపోతే ఆమె కిరాణా కొట్లో అప్పు చేస్తుంది. చూడటానికి వచ్చిన తల్లి ముందు రెండు సంగతులు అడగాలి: ఇవాళ ఎంతమంది వండారు, బిల్లు ఏ నెలదాకా వచ్చింది. ఆ తర్వాతే ఉప్పు సంగతి.

గడపముగ్గు
వంటగది సంగతిలో సన్నబియ్యం గారి మాట ఒప్పుకుంటున్నాను. డబ్బా గుర్తు పెట్టుకోవడానికి జీతం మనిషి అక్కర్లేదు. కానీ వంటగది చూసే వంతు రాసేటప్పుడు 'తల్లి వంతు' అని ఎందుకు రాయాలి? 'ఇంటి వంతు' అని రాయండి. 48 మంది పిల్లలంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పోను సుమారు 36 ఇళ్లు అనుకుందాం. రోజుకి రెండు ఇళ్లు. అలా అయితే ఒక ఇంటికి పద్దెనిమిది పనిదినాలకు, అంటే మూడు వారాలకు ఒకసారి వంతు వస్తుంది. పదకొండు ముప్పావు నుంచి పన్నెండున్నర దాకా, ముక్కాల్ గంట. తండ్రో, తాతో, మేనమామో ఎవరైనా రావచ్చు. పక్కింటి వాళ్లతో వంతు మార్చుకోవచ్చు, మారిన పేరు ముందురోజు సాయంత్రానికి గోడ మీది చార్టులో ఉండాలి. ఇద్దరినే ఎందుకంటే ఒకరు కూలికి పోయినా ఒకరు మిగులుతారు.

మంజీర
తెలంగాణలో 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెచ్.ఎం. (ప్రధానోపాధ్యాయులు) సభ్య కన్వీనర్. తాగునీళ్లు, మరుగుదొడ్లు, చిన్న చిన్న రిపేర్లు, కరెంటు పనులు ఈ కమిటీల మీద పెట్టారు. మంచి సంగతేమిటంటే సంఘం ఆడవాళ్లకు లెక్కలు రాయడం, తీర్మానం చేయడం ముందే వచ్చు. చిక్కేమిటంటే సంఘం పొదుపు, బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు అప్పు), ఇప్పుడు బడి, అన్నీ ఆ ఒక్క మనిషి నెత్తినే. మాకైతే ఒకటి బాగా పనికొస్తుంది అనిపిస్తుంది: బడి సంగతికి వేరే మీటింగు పెట్టకుండా సంఘం మీటింగు రోజు సాయంత్రమే చివరి అరగంట దానికి కేటాయించడం. ఎలాగూ అందరూ వస్తారు.

తీర్మానం
సాయంత్రం మీటింగు అయితే హెచ్.ఎం. ఉండాలి, పొరుగూరి నుంచి వచ్చే టీచరుకి ఆఖరి బస్సు ఉంటుంది. అందుకని నెలకొక్కటే, తేదీ ముందే ఖాయం చేసుకుని. ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను. తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ మీద ఎవరు అడిగినా సంతకం పెట్టకండి. "మేం తర్వాత రాసుకుంటాం, మీకు పనులున్నాయిగా, వెళ్లండి" అని మర్యాదగానే అంటారు, తొందరలో ఉన్న తల్లి పెట్టేస్తుంది. తర్వాత ఆ పేజీలో ఏ ఖర్చు రాసినా ఒప్పుకున్నది ఆమే అవుతుంది. సంతకానికి ముందు ఆఖరి వాక్యం కింద అడ్డంగా గీత గీయించండి, తేదీ మీ చేత్తో మీరే వేయండి. చదవడం రానివాళ్లు ఎవరిచేతైనా పైకి చదివించుకుని వేలిముద్ర వేయాలి.

సన్నబియ్యం
గడపముగ్గు గారి ఇంటి వంతు పద్ధతికి నేను సరే. మగవాళ్లకి ఒకటి ప్రత్యేకంగా అప్పగించవచ్చు, మరుగుదొడ్ల నీళ్లు. పొద్దున ట్యాంకు నిండా నింపుతారు, ఇంటర్వెల్ అయ్యేసరికి ఖాళీ. పిల్లలు వాడేసి కాదు, కారే కుళాయిల వల్ల. ఆఖరి గంట కొట్టాక ట్యాంకులో నీటి మట్టం సుద్దతో గుర్తు పెట్టండి. మర్నాడు మోటారు వేయకముందే చూస్తే ఎంత కారిందో తెలిసిపోతుంది. అరంగుళం కుళాయికి వాషర్, మర దగ్గర తెల్లటి టేపు చుట్టుకోవడం, ఇంతే. పొలం నుంచి వచ్చాక సాయంత్రం అయిదింటికి చేసే పని, దీనికి కూలి పోదు. గొళ్లెం లేని ఆడపిల్లల దొడ్డి తలుపు కూడా అదే సాయంత్రం బిగించండి.

గడపముగ్గు
గొళ్లెం లోపలివైపు, ఒకటో తరగతి పిల్ల చెయ్యి అందే ఎత్తులో ఉండాలి. చాలాచోట్ల పెద్దవాళ్ల ఎత్తుకి బిగిస్తున్నారు.