వంగతోటకి గత్తం (పశువుల ఎరువు) వేసినా మొక్క ఎదగట్లేదు, ఎందుకంటారు?

లంకరైతు: మాది రావులపాలెం దగ్గర లంక. ముప్పై సెంట్లలో వంగ వేశాను. నాటేముందు రెండు ట్రక్కుల గత్తం తోలించి, పీచు మిల్లు వాళ్ళు ఊరికే ఇస్తున్నారు కదా అని కొబ్బరి పొట్టు కూడా కలిపేశాను. ఇరవై రోజులైంది, ఆకులు పాలిపోయాయి, మొక్క నాటినప్పుడు ఎంతుందో అంతే ఉంది. యూరియా చల్లిన పక్క చేను ఆయన గట్టు మీద నిలబడి నవ్వుతున్నాడండి.

కాలవగట్టు: పొట్టు పచ్చిదేనా?

లంకరైతు: అవునండి, అలాగే వేసేశా.

కాలవగట్టు: అయితే అదేనండి. పచ్చి పొట్టులో కర్బనం ఎక్కువ, నత్రజని బాగా తక్కువ. అది చివికేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని కూడా లాగేసుకుంటాయి, మొక్కకి మిగలదు. పంతానికి పోకుండా ఈసారికి కాస్త యూరియా వేసి పంట కాపాడుకోండి.

రెండెకరాలు: నాదో మాట. టన్ను గత్తంలో నత్రజని సుమారు 5 కిలోలే, 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైనే ఉంటుంది. అందుకే మొదటి పంటకే కాయ విరగకాస్తుందని నేనైతే చెప్పను. మా బరువు నేలలో మూడో ఏడాదికి మట్టి గుల్లబారింది, వాన పడ్డాక నీళ్ళు నిలవట్లేదు, బెండ కోతలు ఇంకో పది రోజులు ఎక్కువ వచ్చాయి. తోలకం కూలి మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పెరటిపాదు: మా కోనసీమలో గొయ్యి తీస్తే మూడడుగులకే నీళ్ళూరతాయి, అందులో ఎరువు మాగదు, కుళ్ళి కంపు కొడుతుంది. నేను మెరక మీదే కుప్ప పోస్తాను. నరికిన అరటి బోదెలు, ఎండుగడ్డి, పేడనీళ్ళు వరసలుగా వేసి, పదిహేను రోజులకోసారి తిరగేసి, వానాకాలం పైన తాటాకులు కప్పుతాను. మాగిందో లేదో ముక్కే చెప్తుంది, తొలకరి మట్టి వాసన రావాలి. పిడికిట్లో పిసికితే ముద్దవ్వాలి గానీ నీళ్ళు కారకూడదు.

కొబ్బరితోట: కుప్ప కొబ్బరి చెట్ల దగ్గర మాత్రం వద్దండి! నేను పోసి చేతులు కాల్చుకున్నా. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అందులోనే. తిరగేస్తే బొటనవేలంత తెల్లటి పురుగులు, ముడుచుకుని పడుకుని ఉన్నాయి. అవి పెద్దవై మువ్వు (చెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోని లేత ఆకు) తొలిస్తే, విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు వస్తుంది. మెటారైజియం అని శిలీంధ్రం పొడి దొరుకుతుంది, తడిగా ఉన్న కుప్పలో కలపండి.

లంకరైతు: మిగిలిన గత్తం కుప్ప మా కొబ్బరి చెట్టు మొదట్లోనే ఉందండి. ఇప్పుడే పార పట్టుకెళ్ళి తిరగేశా. పదిహేడు పురుగులు. కోళ్ళని వదిలాను.