ముందే ఉమ్మనీరు పోయినవారి బిడ్డల ఊపిరితిత్తులు: మీ అనుభవాలు చెప్పగలరు

హంస
నాకు 21వ వారంలో ఉమ్మనీరు పోయింది, ఇప్పుడు 23వ వారం నడుస్తోంది. ఇన్ఫెక్షన్ లేదు, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. నిన్నటి స్కానింగ్‌లో మాత్రం అన్నిటికంటే లోతైన చోట కూడా నీరు 1.4 సెంటీమీటర్లే ఉందన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేస్తే ఊపిరితిత్తుల సమస్య తీరిపోతుందా?

నీలిమబ్బు
మీలాగే నేనూ ఎదుగుదలనూ పరిపక్వతనూ ఒకటే అనుకున్నాను. కడుపులో ఉండగా ఊపిరితిత్తులే ఒక ద్రవాన్ని ఊరిస్తాయి. అది లోపల నిలిచి వాటిని సాగదీస్తుంటేనే అవి పెరుగుతాయి, చుట్టూ ఉమ్మనీరు తగ్గితే ఆ ద్రవమూ బయటికి జారిపోతుంది. సుమారు 16 నుంచి 26 వారాల మధ్య సన్నని గాలిగొట్టాలు విస్తరించి, రక్తనాళాలు వాటి దగ్గరకు చేరతాయి కనుక, ఆ కాలంలో నీరు లేకపోవడమే ఎక్కువ నష్టం. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే వైద్యులు 1972లో ప్రయోజనం చూపిన స్టెరాయిడ్లు గాలిగదులు ముడుచుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ అనే పదార్థం తయారీని త్వరపెడతాయి. చిన్నగా ఉండిపోయిన ఊపిరితిత్తిని పెద్దది చేయలేవు. అయినా వాటిని వదులుకోకూడదు.

మా బాబుకు 19వ వారంలో నీరు పోయింది, 31వ వారంలో పుట్టాడు. మొదటి రాత్రి కుడిచేతి మీది ఆక్సిజన్ సెన్సర్ 94 శాతం చూపిస్తుంటే పాదం మీది సెన్సర్ 82 దగ్గర ఆగిపోయింది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గక, ఆక్సిజన్ అందని రక్తం కిందికి మళ్లిపోతోందని డాక్టరు వివరించారు. ఆ రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు ఇచ్చాక మూడో రోజుకు ఆ తేడా పోయింది. ఇప్పుడు నాలుగేళ్లు, జలుబు చేస్తే ఆయాసం వస్తుంది, పరుగెత్తడం మాత్రం మానడు.

తీరం
మాకు 27వ వారంలో పోయింది, అయినా మూడు సెంటీమీటర్ల నీరు నిలిచింది. పాప 32వ వారంలో పుట్టి, నాలుగు రోజులు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే యంత్రం) మీద ఉంది, అంతే. మా కథ చూసి మీరు ధైర్యపడితే సంతోషమే కానీ, మీది వేరే లెక్క. నీళ్లు బాగా తాగమని అందరూ చెప్పారు, తాగాను; చిల్లుపడ్డ కుండలో పోసినట్టే అయింది.

హంస
ఈరోజు డాక్టరును సూటిగా అడిగాను. ఛాతీ చుట్టుకొలత చూస్తారట, కానీ ఏ కొలతా ముందే కచ్చితంగా చెప్పలేదట. పుట్టాక ఊపిరి తీసుకుంటేనే తెలుస్తుందట. అందుకే నైట్రిక్ ఆక్సైడ్ సదుపాయమున్న చోటికే మారుతున్నాను.